ఎనిమిది నెలల బాబుకి దగ్గు, అత్తగారు తేనె నాకించమంటున్నారు, ఇవ్వొచ్చా? ఇంట్లో తేనె ఇంకా వేటికి వాడతారు?

బాబుకి వద్దండీ. ఏడాది నిండేదాకా వేలితో నాకించడం కూడా వద్దు, అల్లం రసంలో రంగరించినా, అసలు సిసలు అడవి తేనె అయినా సరే. తేనెలో ఒక్కోసారి బొటులిజం జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉంటాయి. పెద్దవాళ్ల కడుపులో అవి మామూలుగా ఏమీ చేయలేవు గానీ పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, మలబద్ధకంతో మొదలై మెడ నిలవదు, పాలు పీల్చలేరు, ఊపిరికీ ఇబ్బందవుతుంది. ఇంట్లో మరిగించినంత మాత్రాన అవి చావవు. మా కోనసీమలో పుట్టగానే తేనె నాకించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంట్లోనూ ఇదే గొడవ, "మీ ఆయనకి నాకించాం, ఏమైందిట?" అన్నారు మా అత్తగారు. నేను వాదించలేదు, ఆవిడనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకెళ్లాను, ఆయన నోట వింటే ఒప్పుకున్నారు. మీ బాబుని ఎలాగూ చూపించాల్సిందే కాబట్టి మీరూ ఆవిడని తీసుకెళ్లండి.

ఏడాది దాటిన పిల్లలకైతే రాత్రిపూట దగ్గుకి తేనెని మించింది నాకు కనపడలేదు. పడుకోబోయే ముందు అర చెంచా, ఉత్తదే, ఆ తర్వాత పళ్లు తోమించండి. పెద్దవాళ్లకి మా ఇంట్లో చిటికెడు మిరియాల పొడో శొంఠి పొడో కలుపుతాం, తులసాకు రసం ఉంటే అదీ. గొంతులో గరగర తగ్గి నిద్ర పడుతుంది, అంతవరకే దాని పని, జ్వరం ఆయాసం ఉంటే తేనె పెట్టుకుని కూర్చోకూడదు. పొద్దున్నే నిమ్మరసం తేనె నీళ్లు తాగితే బరువు తగ్గుతారన్నది నేను నమ్మను. షుగర్ ఉన్నవాళ్లు "సహజం కదా" అని టీలో వేసుకుంటారు చూడండీ, వాళ్లని చూస్తే నాకు టెన్షన్, ఒంట్లోకి వెళ్లాక అదీ చక్కెరే.

వంటలో అయితే చక్కెరకేళి ముక్కలు, కొబ్బరి కోరు, ఏలకుల పొడి, పైన తేనె, పొయ్యి వెలిగించే పనే లేదు. దిబ్బరొట్టెలోకి చెరుకు పానకం దొరకనప్పుడు కూడా తేనే మాకు దిక్కు. పొయ్యి మీద చేసే ఏ వంటలోనైనా దించి కాస్త చల్లారాక వేయండి, ఉడికితే ఆ వాసనే పోతుంది. కేకులో పంచదార బదులు వేస్తే ముప్పావు వంతు చాలు, పాలు కొంచెం తగ్గించండి, మంట కూడా తగ్గించండి, తొందరగా ఎర్రబడి మాడుతుంది.

మేం జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ల గిరిజన్ తేనె కొంటాం, మారేడుమిల్లి వైపు ఎవరైనా వెళ్తే తెప్పించుకుంటాం. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు దండగ, చిక్కటి పంచదార పాకం కూడా చక్కగా అడుగుకే దిగుతుంది. గడ్డకట్టిందని కల్తీ అనుకుని పారబోయకండి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా కాసేపు పెడితే కరుగుతుంది. తడి చెంచా మాత్రం ముంచొద్దు, నీరు చేరితే పులిసిపోతుంది.