శ్రీవారి మెట్టు దారిలో మొక్కలు నాటొచ్చా?

ఆఫీసు వాళ్లంతా కలిసి, తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి పక్కన మొక్కలు నాటి, విత్తన బంతులు చల్లుదామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు కదా. మాది తిరుపతే. కొన్నేళ్లుగా మా బ్యాచ్ వీలైన ఆదివారాల్లో ఈ దారిలో చెత్త ఏరుతోంది. నేనైతే నాటొద్దనే చెబుతాను.

ఈ దారి ఉన్న శేషాచలం కొండలకు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవజాతుల్ని కాపాడే ప్రాంతం) గుర్తింపు వచ్చింది. ఎర్రచందనం, తంబ జాలారి, తెల్లకరక లాంటి చెట్లు తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగవు. చిన్న ఈతచెట్టులా కనిపించే పేరీత అయితే మరీ అరుదు, దాని కంకుల్ని కోసి అమ్ముకునేవాళ్ల వల్ల ఇంకా తగ్గిపోయింది. అలాంటి చోట నర్సరీలో ఏది దొరికితే అది తెచ్చి పాతితే అడవికి మేలు జరగదు, పైగా అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఏ పనీ చేయకూడదు.

అక్కడ నిజంగా మనుషులు కావాల్సింది, జంతువులకు తిండి అందకుండా చూడటానికి. కోతి పెరుగన్నం కవరును పళ్లతో చింపి, అన్నం అయిపోయాక ఉప్పదనం కోసం ఆ కవర్నే నములుతుంటే దగ్గర నుంచి చూశాను, ఎంత అదిలించినా వదల్లేదు. మెట్ల పక్కన తిండి పడేస్తే కోతులు, కుక్కలు, అడవి పందులు అక్కడే తిరుగుతాయి, వాటి కోసం చిరుత దారి దగ్గరికి వస్తుంది. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే మరో నడక దారి అలిపిరిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది, ఆ తర్వాతే జంతువులకు తిండి పెట్టొద్దని టీటీడీ గట్టిగా చెప్పింది, పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు పెట్టింది. అయినా పుణ్యమని అరటిపళ్లు పెట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లను కసురుకోవద్దు. "స్వామీ, ఆ పండు పక్కన నడిచే పెద్దాయనకి ఇవ్వండి, ఆయనకి ఓపిక వస్తుంది" అంటే చాలామంది వింటారు.

రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టి చెత్త లాగొద్దు, పట్టుకారు వాడండి. పాములు, తేళ్ల భయం ఒకటి, రెండోది, అక్కడుండే బంగారు బల్లికి హాని జరగొచ్చు. పగలు అది అలాంటి సందుల్లోనే దాక్కుంటుంది, తెల్లటి గుడ్లు బండకే అతికించి గుంపుగా పెడుతుంది, తెలియక గోకేస్తే ఆ గుడ్లు పోయినట్టే.

పీకాల్సిన కలుపు మొక్క ఒకటుంది, వయ్యారిభామ (పార్థీనియం). మెట్లు మొదలయ్యే చోట, మట్టి కదిలిన చోటల్లా వస్తుంది. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగాలి. గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, దాని పుప్పొడి పడనివాళ్లకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఇది కూడా అటవీ సిబ్బందిని అడిగాకే.

ఎండాకాలం వస్తే మెట్ల మీద వెలిగించిన కర్పూరం ఆరిందో లేదో చూసుకుంటూ నడవండి. 2014 మార్చిలో ఈ కొండలు తగలబడితే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, ఎండిన బోద గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ముందుగా టీటీడీ అటవీ విభాగంలో ఒక అర్జీ ఇచ్చి, ఎంతమంది, ఏ రోజు, ఏం పని అనేది రాయండి. దారి దిగి లోపలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. నరికిన ఎర్రచందనం దుంగ కనిపించినా ఫొటో కోసం దగ్గరికి పోకుండా గార్డుకు చెప్పండి.