నాలుగు వెబ్‌సైట్లు కలిపేస్తే గిరాకీ పోతుందా?

ప్రశ్న: నల్గొండ, మహబూబ్‌నగర్, గద్వాల, నారాయణపేటల్లో మాకు చీరల దుకాణాలున్నాయి. ఊరికో వెబ్‌సైట్ పెట్టాం. ఇప్పుడు దేశమంతా కొరియర్‌లో పంపుతున్నాం. నాలుగింటినీ ఒకటి చేస్తే గూగుల్‌లో పైకొస్తామా, ఉన్నది కూడా పోతుందా? – ఒక వ్యాపారి, నల్గొండ

జవాబు: కలపండి. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు అని ఒకే గద్వాల చీర వివరం నాలుగు చోట్లా ఉంటే గూగుల్ సాధారణంగా ఒకదాన్నే చూపిస్తుంది. బయటి సైట్లు మీకిచ్చిన లింకులు గూగుల్‌లో పైకి రావడానికి బలం, అది కూడా నాలుగు ముక్కలవుతుంది.

సైటు మూసే ముందు సెర్చ్ కన్సోల్ (గూగుల్ నుంచి ఏ పేజీకి ఎన్ని క్లిక్కులొచ్చాయో చూపే గూగుల్ సాధనం) తెరవండి. గత 16 నెలల లెక్క దొరుకుతుంది. క్లిక్కులొచ్చే ప్రతి పేజీనీ ఎక్సెల్‌లో రాసి, ఎదురుగా కొత్త సైట్‌లో దానికి సరిపోయే పేజీ అడ్రస్ వేయండి. ఆ జతల ప్రకారమే 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి మళ్లించే ఏర్పాటు) పెట్టించాలి. చాలామంది డెవలపర్లు పని తేలికని అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తారు. జరీ అంచు చీర కోసం వచ్చినవాళ్లు హోమ్ పేజీలో తేలతారు, గూగుల్ కూడా పాత పేజీ లేనట్టే లెక్కేస్తుంది. 302 వద్దు, అది తాత్కాలికానికి. పాత సైట్లను రోబోట్స్ ఫైల్‌లో (గూగుల్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైలు) బ్లాక్ చేసినా రీడైరెక్ట్ గూగుల్ కంట పడదు.

నాలుగూ ఒకేసారి కదపకండి. గిరాకీ తక్కువున్నదాంతో మొదలుపెట్టండి. కొన్ని వారాలు ర్యాంకులు ఊగుతాయి, కంగారుపడి వెనక్కి మార్చొద్దు. పాత డొమైన్ల రెన్యువల్ మానొద్దు, రీడైరెక్ట్ కనీసం ఏడాది ఉండాలి.

ఇక అసలు చిక్కు. ముంబయిలో కూర్చొని ‘గద్వాల చీర’ అని వెతికేవారు వేరు, నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి ‘చీరల షాపు’ అని వెతికేవారు వేరు. రెండోవారికి మ్యాప్ కనిపిస్తుంది, అక్కడ దూరానికి లెక్క ఎక్కువ. సైట్ ఎంత పెద్దదైనా దూరం తగ్గదు కదా! అందుకే నాలుగు గూగుల్ బిజినెస్ ప్రొఫైళ్లనూ (మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపేవి) విడివిడిగానే ఉంచండి. ఒక్కోదాన్లో వెబ్‌సైట్ లింకు మాత్రం కొత్త సైట్‌లోని ఆ దుకాణం పేజీకి మార్చండి, హోమ్ పేజీకి కాదు.

ఆ పేజీలో ఊరి పేరొక్కటే మార్చి మిగతాది కాపీ కొడితే గూగుల్ దాన్ని మోసపు పేజీ కింద చూడొచ్చు. ఆ దుకాణం ముందు ఫొటో, తెరిచే వేళలు, ఫోను, బస్టాండు నుంచి దారి రాయండి. నారాయణపేట పేజీలో అక్కడి గళ్ల చీరలే ముందుండాలి.