అన్నయ్య తెచ్చే అమెరికా యంత్రాలా, డిపోలోని పాత చిత్రిక మిషనా?

ఇంటి వెనుక షెడ్డులో వడ్రంగి పని మొదలుపెడతానంటున్నారు. డాలస్ నుంచి తిరిగివస్తున్న మీ అన్నయ్య తన టేబుల్ సా (కోత యంత్రం), బెంచి మీద పెట్టుకునే ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం) సామానుతో పాటు తెస్తారట. ఇటు మీకు తెలిసిన టింబర్ డిపోలో పోత ఇనుప చిత్రిక మిషన్ ఒకటి అమ్మకానికి ఉంది. ఏది మేలని అడిగారు. విజయవాడలో మా ఇంటి కింద షెడ్డులో పదకొండేళ్లుగా పని చేసుకుంటున్నాను. పాతదీ కొన్నాను, దిగుమతి సరుకూ కొన్నాను. నా సలహా ఇది: చిత్రిక మిషన్ పాతది తీసుకోండి, కోత యంత్రం మాత్రం పాతది వద్దు.

ముందు అన్నయ్యకు ఫోను చేసి రెండు యంత్రాల మోటార్ల మీదున్న ప్లేటు చదవమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది కానీ హెర్ట్జ్ మారదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మోటారుకు ఇరువైపులా బొత్తాముల్లాంటి మూతలు ఉండి, వాటి కింద కార్బన్ బ్రష్‌లు ఉంటే భయం లేదు. ఆ రకం మోటారుకు హెర్ట్జ్‌తో పని లేదు. 15 ఆంపియర్ల యంత్రమైతే 1800 వాట్లు లాగుతుంది, స్టార్టయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ, కాబట్టి 3 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారైతే నిమిషానికి 3450 సార్లు తిరగాల్సింది ఇక్కడ 2875 సార్లే తిరుగుతుంది. పైగా 60 హెర్ట్జ్‌కు చుట్టిన వైండింగ్‌కు 50 హెర్ట్జ్ దగ్గర అదే 120 వోల్టులు ఇస్తే వేడెక్కుతుంది. అలాంటిది తెచ్చి మోటారు మార్చుకునే బదులు అక్కడే అమ్ముకుని రావడం నయం.

ఇక దిగుమతి సరుకుతో నాకు జరిగింది చెబుతాను. మన 230 వోల్టులకే తయారైన ప్లేనర్ ఒకటి కొత్తది కొన్నాను. చక్కగా పనిచేసింది, రెండో వానాకాలంలో ఆగిపోయింది. గేరు అరిగితే ఆటోనగర్‌లో ఎవరో ఒకరు కోసి ఇచ్చేవారు. కానీ కాలిపోయింది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. అమ్మినవారిని అడిగితే ఆ మోడల్ రావడం మానేసిందన్నారు. బ్లేడ్లూ అంతే, ఆ రంధ్రాల కొలతకు సరిపోయేవి ఆ కంపెనీవే. ఏడు నెలలు మూల పడి ఉన్న యంత్రాన్ని రోజూ చూడడం ఎంత బాధో పని చేసేవాడికే తెలుస్తుంది.

తర్వాత కొన్నది సామిల్లు మూసేస్తున్నవారి దగ్గర పాత చిత్రిక మిషన్, పన్నెండు అంగుళాలది. చూడడానికి వెళ్లినప్పుడు మొదట బెల్టు తీయించి బ్లాకును, అంటే బ్లేడ్లు బిగించి ఉండే తిరిగే దిమ్మను, చేత్తో తిప్పాను. వేళ్లకు ఇసుక నలిగినట్టు తగిలింది. బేరింగులు పోయాయి, అయినా వదులుకోలేదు. మూత తీసి చూస్తే 6205, ఏ ఊళ్లోనైనా బేరింగుల కొట్లో దొరికే నంబరు. బెల్టూ మామూలు వీ బెల్టే. ఆ తర్వాత మూడడుగుల స్టీలు స్కేలును బల్లపై ఐమూలగా నిలబెట్టి, వెనుక టార్చి వేసి చూశాను. బ్లాకుకు వెనుకవైపున్న బల్ల నడుమ సన్నటి వెలుగు గీత కనిపించింది. సందు కొలిచే సన్నని రేకుల కట్ట, ఫీలర్ గేజిలో 0.15 మిల్లీమీటర్ల రేకు దూరింది, 0.20 దూరలేదు. నా పనికి అది చాలు. బల్ల అంచులు విరిగినా, పోత ఇనుముపై వెల్డింగు అతుకు కనిపించినా తిరిగి వచ్చేసేవాణ్ని.

బ్లాకు ఆకారం తప్పక చూడండి. గుండ్రంగా ఉంటేనే కొనండి. నలుపలకల బ్లాకు తిరిగేటప్పుడు బల్లకూ దానికీ మధ్య సందు పెద్దదవుతుంది, చెయ్యి జారితే లోతుగా లాగేస్తుంది. ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

మీ ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉన్నా, పాత యంత్రం మోటారు త్రీఫేజ్ కదా అని వెనకాడకండి. నాదీ 2 హెచ్‌పీ త్రీఫేజే. మన దగ్గర చిన్న మోటార్లు చాలావరకు 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి (స్టార్, డెల్టా అనేవి మోటారులోని మూడు వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు). మోటారు మీది తీగల డబ్బాలోకి ఆరు తీగలూ వచ్చి ఉంటే డెల్టాకు మార్చి, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ అనే ఎలక్ట్రానిక్ డ్రైవ్‌తో 230 వోల్టుల మీద నడపవచ్చు. మా ఎలక్ట్రీషియన్ ఒక మధ్యాహ్నంలో పూర్తిచేశాడు. పాత స్టార్టర్‌ను మాత్రం వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య ఉంచకూడదు, తీసేయాలి. యంత్రానికి 42 వేలు, బేరింగులకు, డ్రైవ్‌కు, లేతు పనికి, ట్రాలీకి కలిపి మరో 19 వేలు అయ్యాయి. మొదటిసారి వేప చెక్క తోస్తే ఉల్లిపొరలాంటి పొట్టు వచ్చింది. ఆ చెక్కను ఇంకా దాచుకున్నాను.

కోత యంత్రం సంగతి వేరు. డిపోల్లో నేను చూసిన పాత కోత బల్లల్లో చాలావాటికి బ్లేడు వెనుక రైవింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు లేదు. కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టేస్తే చెక్క మన పొట్ట మీదికి ఎగిరివస్తుంది. అలా జరగకుండా ఆపేది ఆ రేకే. మా పక్కవీధి మేస్త్రికి అది లేని బల్ల దగ్గరే రెండు పక్కటెముకలు విరిగాయి. అందుకే అన్నయ్య టేబుల్ సాకు బ్రష్ మోటారు, రైవింగ్ నైఫ్ రెండూ ఉంటే సంతోషంగా తెచ్చుకోండి. ప్లేనర్ అక్కడే అమ్మేయమనండి.

డిపోకు వెళ్లేటప్పుడు స్కేలు, ఫీలర్ గేజి, టార్చి వెంట తీసుకెళ్లండి. మోటారు ప్లేటు, తీగల డబ్బా ఫొటోలు ఇక్కడ పెట్టండి. స్టారో డెల్టాయో చూసి చెబుతాను.