పాఠకుల ప్రశ్నలు: సంపులో కలిసిపోతున్న రెండు రకాల నీళ్లు

ప్రశ్న: మేము హైదరాబాద్‌లోని నిజాంపేటలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. కుళాయి నీళ్లతో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, రెండేళ్లలో గీజర్ కాయిల్ రెండుసార్లు మార్చాం. ఈ మధ్య ఫిల్టర్లు అమ్మే ఒకాయన వచ్చి, మా నీళ్ల గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇవ్వగానే నీళ్లు గోధుమ రంగుకు తిరిగి తెట్టు తేలింది. ఆయన తెచ్చిన నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. మా అత్తగారికి కిడ్నీలో రాళ్లున్నాయి. అవి ఈ నీళ్ల వల్లేనా? ఆర్‌ఓ ఫిల్టర్ కొనాలా, సాఫ్ట్‌నర్ పెట్టించాలా?
(ఒక పాఠకురాలు, నిజాంపేట)

జవాబు: ముందుగా ఆ గ్లాసు సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని చూసి భయపడి డబ్బు ఖర్చు పెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీరు చూసిన గోధుమ రంగు మీ నీళ్లలోని మురికి కాదు. కడ్డీల్లో ఒకటి ఇనుముది; లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కనుక ఆ ఇనుమే కరిగి, తుప్పుగా మారి తేలుతుంది. ఆయన తెచ్చిన నీళ్లలో లవణాలు దాదాపు లేవు కనుక కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. ఈసారి ఎవరైనా వస్తే, వారి గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేసి చూపించమనండి. ఆ నీళ్లూ అదే రంగుకు తిరుగుతాయి.

ఇక అసలు విషయం. మీ కుళాయిలో వచ్చేది ఒక రకం నీళ్లు కాదు. జలమండలి సరఫరా చేసే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లూ, మీ బోరు నీళ్లూ ఒకే సంపులో పడి, కలిసి పైట్యాంకు ఎక్కుతున్నాయి. మన నగరం గ్రానైటు రాతి మీద ఉంది. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు కాల్షియం, మెగ్నీషియం అందులో కరుగుతాయి. కాఠిన్యం అంటే ఇవే. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ప్రకారం ఇది లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. 500 ఉన్న నీళ్లు ఇరవై లీటర్ల బకెట్ నిండా పడితే, అందులో పది గ్రాముల సున్నపురాయి కరిగి ఉన్నట్టు లెక్క. మీ గీజర్ కాయిల్ మీద పెచ్చులు కట్టేది అదే.

ఏ నీళ్లు ఎలా ఉన్నాయో మీరే చూసుకోవచ్చు. మూడు ఒకేలాంటి సీసాలు తీసుకొని, ఒకదాంట్లో సంపులోకి పడే జలమండలి పైపు దగ్గర, రెండోదాంట్లో బోరు దగ్గర, మూడోదాంట్లో మీ వంటింట్లో నీళ్లు సగం వరకు పట్టండి. మూడింటిలోనూ ఒంటి సబ్బు తురుము సమానంగా వేసి ఊపండి (గిన్నెలు తోమే ద్రవం దీనికి పనికిరాదు). మెత్తని నీళ్లలో నురగ నిలుస్తుంది, కఠినమైన నీళ్లలో తెల్లని విరుగుడు తేలుతుంది.

కఠిన జలం చెడ్డ నీరు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. కిడ్నీ రాళ్లకు కారణాలు పలు రకాలు, వాటిలో తగినన్ని నీళ్లు తాగకపోవడం ముఖ్యమైనది. మీ అత్తగారి విషయంలో వైద్యుల మాటే వినండి. బోరు నీళ్లు తాగేట్లయితే మాత్రం ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మక్రిములు ఉన్నాయేమో ల్యాబులో పరీక్ష చేయించి తీరాలి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని (టీడీఎస్) చూపే మీటరుకు వీటిలో ఏదీ విడిగా అందదు.

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం చేర్చుతుంది. 500 కాఠిన్యం తీస్తే లీటరుకు సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. స్నానానికి, బట్టలకు అది మేలే. తాగడానికి, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారికి, వద్దు. ఆర్‌ఓ విషయానికొస్తే, టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీళ్లకు దాన్ని వాడకుండా చూడాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. శుద్ధి చేసి పంపిన నది నీటిని మళ్లీ ఆర్‌ఓలో పోసి, సగానికి సగం కాలువలోకి వదలడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అందుకే నా సలహా: ఏ మెషిన్ కొనకముందే మీ సంఘం సమావేశంలో సంపును రెండుగా విడదీసే విషయం పెట్టండి. మధ్యలో గోడ కట్టించి, జలమండలి నీళ్లకు చిన్న మోటారు, చిన్న ట్యాంకు, వంటింటికి ఒక్క పైపు వేయిస్తే, తాగేందుకు, వంటకు మెత్తని నీళ్లు దొరుకుతాయి. బోరు నీళ్లు మరుగుదొడ్లకు, మొక్కలకు వెళ్తాయి. ఖర్చు నలభై ఇళ్లకు పంచితే ఇంటింటా ఆర్‌ఓ కొనడం కంటే భారం కాదని నా నమ్మకం. ఈలోగా గీజర్ వేడిని 50 డిగ్రీల దగ్గర ఉంచండి, పెచ్చు తక్కువ కడుతుంది.

ప్రశ్న: నల్లా వదలగానే మొదటి నీళ్లు మసకగా, క్లోరిన్ వాసనతో వస్తున్నాయి. తాగవచ్చా?
(ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: క్లోరిన్ వాసనకు భయపడవద్దు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. కాసేపు మూత తీసి ఉంచితే వాసన తగ్గుతుంది. మసకను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సరఫరా లేని గంటల్లో ఖాళీ అయిన పైపు, పగుళ్లుంటే చుట్టుపక్కల మురుగును లోపలికి లాగుతుంది. మొదటి రెండు బకెట్లు ఇల్లు కడగడానికి వాడండి. ఆ తరువాత కూడా మసక తగ్గకపోయినా, డ్రైనేజీ వాసన వచ్చినా, ఆ నీళ్లు తాగడం ఆపి, అదే రోజు జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయండి.