మిరపకాయ వద్దు, వావిలాకు చాలు: ఇంట్లో చేసుకునే నొప్పుల బామ్

విజయవాడ భవానీపురం నుంచి ఒకరు అడిగారు. వాళ్ళ నాన్నగారిది రోజంతా నిలబడి చేసే పని. సాయంత్రానికి భుజాలు, పిక్కలు పట్టేస్తున్నాయట. ఇంట్లోనే మూలికలతో బామ్ చేసుకోవచ్చా, అందులో గుంటూరు మిరపకాయ వేస్తే త్వరగా గుణం కనిపిస్తుందంటున్నారు, నిజమేనా అని ప్రశ్న.

బామ్ చేసుకోవచ్చండీ. మిరపకాయ మాత్రం వెయ్యకండి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాని. మా షాపులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోసే హమాలీలకి ప్రతి సీజన్లోనూ ఈ బామ్ నేనే కాచి ఇస్తాను. ఒక్కో టిక్కీ నలభై కిలోలకి పైనే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో సరుకు పోటెత్తినప్పుడు వాళ్ళ మెడలు, భుజాలు, నడుములు ఏ స్థితిలో ఉంటాయో రోజూ చూస్తాను. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

మిరపకి నొప్పి తగ్గించే గుణం లేదని నేననను. అందులో కారాన్నిచ్చే పదార్థం పేరు క్యాప్సైసిన్. మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. అది సుమారు 43 డిగ్రీల వేడికి మేలుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అలాగే మేలుకుని, కాలకపోయినా కాలుతున్నట్టు మెదడుకి చెబుతుంది. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ 1997లో బయటపెట్టారు. 2021లో ఆయనకి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు, యార్డులో మేం రోజూ పీల్చే ఘాటు అంత దూరం వెళ్ళిందా అని నాకు చాలా సంతోషం వేసింది. అదే చోట మళ్ళీ మళ్ళీ రాస్తూ ఉంటే ఆ నరం కొన్నాళ్ళకి నొప్పిని మోయడం తగ్గిస్తుంది. మందుల షాపుల్లో దొరికే క్యాప్సైసిన్ క్రీములు పనిచేసేది ఇలాగే.

అయితే ఆ క్రీముల్లో ఉండేది నూటికి 0.025 నుంచి 0.075 వంతు మాత్రమే. ఇంట్లో మనకి ఆ కొలత ఎలా తెలుస్తుంది? తేజ రకం కారం వేరు, 334 కారం వేరు, బాడిగ కారం వేరు. ఒకే రకంలో కూడా ఒక చేను కాయలకీ ఇంకో చేను కాయలకీ తేడా వస్తుంది. పైగా ఈ కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. మీరు నూనెలో మిరపకాయలు కాచారంటే ఉన్న కారమంతా దించేసినట్టే. ఆ నూనె భుజానికి రాసుకున్న చేత్తో రాత్రి కన్ను నులుముకుంటే పడే బాధ చెప్పనలవి కాదు. చర్మం పొక్కినవాళ్ళని కూడా చూశాను. ఎప్పుడైనా కారం చేతికి అంటి మండుతుంటే ఉత్త నీళ్ళతో కడిగి లాభం లేదు. ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. యార్డులో మేమంతా చేసేది అదే.

ఇక బామ్ సంగతి. నేను వాడే ప్రధాన మూలిక వావిలి. మన వైపు బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. పంట కాలువల గట్ల మీద, చేల కంచెల్లో పొదలా పెరుగుతుంది. ఒక్కో కాడకి మూడు నుంచి అయిదు ఆకులు, వేళ్ళు చాచిన చెయ్యిలా ఉంటాయి. ఆకు కింది వైపు తెల్లగా బూడిద రంగులో ఉంటుంది, పూలు లేత ఊదా రంగు. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. విజయవాడ ఊళ్ళోంచి పోయే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పక్కన కనిపించినా కోసుకోకండి. ఆ నీళ్ళూ దుమ్మూ మీకు తెలియనివి కావు. ఊరి బయట పొలాల వైపు, చెట్టు తెలిసిన పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి కోయండి.

నూనె విషయంలో గానుగ నువ్వుల నూనే నా ఎంపిక. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది. అంటే మనకి జనవరి తెల్లవారుజామున రాయిలాగా, మే నెలలో నీళ్ళలాగా ఉంటుంది. నువ్వుల నూనె ఏ కాలంలోనైనా ఒకేలా ఉంటుంది కాబట్టి, గట్టిదనం ఎంత కావాలో మైనంతో మనమే నిర్ణయించుకోవచ్చు. అందులో అయిదో వంతు ఆముదం కలిపితే బామ్ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది, వెంటనే జారిపోదు.

ఆయుర్వేదంలో తైలం కాచడానికి ఒక లెక్క ఉంది. ఆకు ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, కషాయం పదహారు పాళ్ళు. ఇంట్లో గ్యాస్ మీద అంత కషాయం ఇగరబెట్టడం కష్టం కాబట్టి నేను దాన్ని తగ్గించుకున్నాను. పావు లీటరు నూనెకి 60 గ్రాముల వావిలాకు ముద్ద, ఒక చెంచా శొంఠి పొడి, గుప్పెడు వావిలాకు మరిగించి వడకట్టిన కషాయం అర లీటరు. అడుగు మందంగా, పొడుగ్గా ఉన్న గిన్నె తీసుకోండి. నీళ్ళూ నూనే కలిసి పొంగుతాయి. సన్నని సెగ మీద కలుపుతూ ఉండాలి. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. దగ్గరే ఉండండి, వేరే పని పెట్టుకోకండి.

మొత్తం పనిలో అసలైన ఘట్టం ఇదే. నూనెలో తడి మిగిలిపోతే బామ్ పది పదిహేను రోజుల్లో ముక్కవాసన కొడుతుంది, బూజు కూడా పడుతుంది. తడి పోయిందో లేదో తెలుసుకోవడానికి పాతకాలం పరీక్షకి మించింది లేదు. అడుగున ఉన్న ఆకు ముద్దని చెంచాతో కొంచెం తీసి, చల్లారాక వేళ్ళ మధ్య నలపండి. వేళ్ళకి అంటుకోకుండా వత్తిలా సాగాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటలాడకుండా కాలాలి. చిటపటమంటే ఇంకా నీరుందన్నమాట. తైలం పాకానికి వచ్చే ముందు పైన నురుగు కూడా లేస్తుంది. నెయ్యి కాచేటప్పుడు నురుగు అణిగితే పాకం అంటారు, నూనెకి అది తిరగబడుతుంది. ముద్ద నల్లగా మాడనివ్వకండి. మాడిన నూనె వాసన ఎన్ని సుగంధాలు వేసినా పోదు. దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పొడి గుడ్డలో వడకట్టి పిండండి. రెండు వందల మిల్లీలీటర్లకి అటూ ఇటూగా వస్తుంది.

ఇప్పుడు తేనెమైనం. మూలికల కొట్లలో దొరుకుతుంది. విజయవాడలో అయితే వన్‌టౌన్ వైపు అడగండి, గుంటూరులో నేను పట్నం బజారులో కొంటాను. మంచి మైనానికి సన్నటి తేనె వాసన ఉంటుంది, చేతి వేడికి మెత్తబడుతుంది కానీ పెళ్ళలుగా రాలదు. ఇది 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి అందులో నూనె, మైనం కలిపి కరిగించండి. ఆ రెండు వందల మిల్లీలీటర్లకి ఎండాకాలంలో 45 గ్రాములు, చలికాలంలో 35 గ్రాములు వేస్తాను. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే కొలతలు చాలావరకు చల్లటి ఊళ్ళవి. మన మే నెల ఎండకి ఆ బామ్ డబ్బాలోనే నూనె అయిపోతుంది. ఒక చుక్క చల్లటి స్టీలు పళ్ళెం మీద వేసి చూస్తే గట్టిదనం అక్కడే తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే ఇంకొంచెం మైనం, మరీ గట్టిగా ఉంటే చెంచాడు నూనె.

వాసనకీ చల్లదనానికీ వేసేవి చివర్న. భీమ్‌సేని కర్పూరం 6 గ్రాములు, పుదీనా పువ్వు (మెంథాల్) 4 గ్రాములు, వాము పువ్వు (థైమాల్) 1 గ్రాము. పూజకి అమ్మే హారతి బిళ్ళలు దీనికి వాడకండి. ఈ మూడూ పొడిగా ఉన్న చిన్న గాజుసీసాలో వేసి మూత పెట్టి ఊపండి. మూడు గట్టి పదార్థాలూ ఏ వేడీ లేకుండానే కరిగి నీళ్ళలా అయిపోతాయి. అమృతధార అని అమ్మేది ఇదే. మొదటిసారి చూసే పిల్లలకి ఇది పండగే, కానీ సీసా వాళ్ళ చేతికి ఇవ్వకండి. స్టవ్ ఆపేసి, గిన్నె దూరంగా పెట్టి, మైనం అంచుల్లో గట్టిపడబోతుండగా ఈ ద్రవాన్ని, ఒక టీస్పూను నీలగిరి తైలాన్ని, ఏడెనిమిది చుక్కల లవంగ నూనెని పోసి కలపండి. మంట దగ్గర ఎంత మాత్రం వద్దు. కర్పూరం ఆవిరి అంటుకుంటుంది. వేడి ఎక్కువగా ఉండగా పోస్తే సగం గాలిలో కలిసిపోతుంది కూడా. గాజు సీసాల్లోగానీ లోహపు డబ్బాల్లోగానీ పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. లేదంటే మూతకి చెమట పట్టి నీటిచుక్క లోపల పడుతుంది. పల్చటి ప్లాస్టిక్ డబ్బాలని ఈ నూనెలు పాడుచేస్తాయి. చీకటిగా, చల్లగా ఉండే చోట పెడితే మూడు నెలలు బాగుంటుంది.

ఒక పదార్థం గురించి విడిగా చెప్పాలి. కొనే బామ్‌లలో ఘాటుగా వచ్చే వాసన చాలాసార్లు వింటర్‌గ్రీన్ నూనెది. దాన్ని గంధపుర తైలం అంటారు. అదంతా దాదాపు మిథైల్ శాలిసిలేట్, అంటే ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. పొరపాటున ఒక టీస్పూను కడుపులోకి వెళ్తే మామూలు ఆస్పిరిన్ బిళ్ళలు ఇరవైకి పైగా మింగినంత. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళకి చర్మం మీద రాసినా ప్రమాదమే. కంపెనీలు కొలిచి వేస్తాయి. ఇంట్లో పిల్లలుండగా ఆ సీసా తెచ్చిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే నా బామ్‌లో అది లేదు.

బామ్‌ల విషయంలో మన ప్రాంతానికి పాత పేరే ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఆ పసుపు సీసా మన ఇళ్ళలో ఎంత నమ్మకంగా ఉండిపోయిందో అందరికీ తెలిసిందే. మీ ఇంట్లో చేసుకునే బామ్ దానికి పోటీ అనుకోనక్కర్లేదు. వాసన తగ్గించుకోవచ్చు, ఏం వేశామో మనకి తెలుస్తుంది, అంతవరకే.

రాసే పద్ధతి మీద కూడా చాలా ఉంది. పుదీనా పువ్వు నరానికి చల్లగా ఉన్న భ్రమ కలిగించి నొప్పి నుంచి దృష్టి మళ్ళిస్తుంది. కండరాన్ని అది బాగుచేయదు. సీజన్ మొదట్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటి రోజు ఏమీ అనిపించదు, రెండో రోజో మూడో రోజో చెయ్యి ఎత్తలేరు. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయిందని కొందరు చెబుతుంటారు, కానీ అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. అలవాటు లేని బరువుకి కండరం పోగుల్లో సన్నటి చీలికలు వచ్చి, అవి మానే క్రమంలో వచ్చే నొప్పి అది. నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా బామ్ ఆ రాత్రి నిద్ర పట్టేలా చేస్తుంది. నా దృష్టిలో అది చిన్న మేలు కాదు.

మీ నాన్నగారికి రాత్రి స్నానం అయ్యాక, ఒళ్ళు బాగా తుడుచుకుని చల్లబడ్డాక రాయండి. ఒక్కో భుజానికి శనగగింజంత చాలు. బొటనవేలితో గట్టిగా పొడవకుండా అరచేత్తో మెడ నుంచి భుజం చివరికి, మడమ నుంచి పిక్క పైకి నిదానంగా అయిదు నిమిషాలు మర్దన చెయ్యండి. దాని మీద వేడి కాపడం పెట్టడం, బిగుతుగా గుడ్డ చుట్టడం చేయకూడదు. చర్మం కాలుతుంది. కాపడం కావాలంటే ముందు పెట్టుకుని, ఆరాక బామ్ రాయాలి. మా హమాలీలకి కూడా పనికి వచ్చే ముందు రాసుకోవద్దనే చెబుతాను. జిడ్డు మీద మిరప దుమ్ము అతుక్కుని మధ్యాహ్నానికి ఒళ్ళంతా మండుతుంది. "పొద్దున్నే రాస్తే హుషారుగా ఉంటది గుమాస్తా గారూ" అంటాడు మా ముఠాలో ఒక పెద్దాయన. "సాయంత్రం దాకా ఓపిక పట్టు బాబాయ్" అని డబ్బా నా బల్ల సొరుగులోనే పెడతాను.

మొదటిసారి మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. దద్దురు వస్తే మానేయండి. పుండ్ల మీద, కళ్ళ దగ్గర, ముక్కులో వద్దు. పసిపిల్లలకి కర్పూరం, పుదీనా పువ్వు ఉన్నది ఏదీ రాయకూడదు. కర్పూరం కడుపులోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి కాబట్టి డబ్బా ఎత్తులో పెట్టండి. గర్భిణులు డాక్టర్‌ని అడగాలి.

కొన్ని నొప్పులకి బామ్ దగ్గర ఆగిపోకూడదు. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, గుండెలో బరువు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బాగా శ్రమ చేశాక మూత్రం ముదురు టీ రంగులోకి మారినా అంతే. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి కొత్తగా కండరాల నొప్పులు మొదలైతే డాక్టర్‌కి ఆ సంగతి చెప్పాలి. షుగర్ ఎక్కువ కాలంగా ఉండి పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళకి మంట తెలియదు కాబట్టి, మోకాలి కింద రాసేటప్పుడు ఇంట్లోవాళ్ళు చర్మం రంగు గమనిస్తూ ఉండాలి.

మీ నాన్నగారి వయసు ఎంత, బీపీకో షుగర్‌కో గుండెకో మందులు వాడుతున్నారా, పిక్కల నొప్పి రెండు కాళ్ళకీ ఉందా ఒక్క కాలికేనా, ఇవి రాయండి. దాన్ని బట్టి కర్పూరం ఇంకా తగ్గించాలా, ముందు డాక్టర్‌కి చూపించాలా అన్నది చెబుతాను.