తన్మయత్వం అని రాసే ముందు

చిరంజీవికి,

నీ కథ చదివాను. నేతగాడు బాగా కుదిరాడు. కానీ అతను మగ్గం ముందు కూర్చుంటే 'తన్మయత్వంతో నేస్తున్నాడు', కూతురు సన్నాయి వింటే 'తన్మయత్వంతో వింది', చివరికి గుళ్లో ముసలమ్మ కూడా తన్మయత్వంలోనే ఉంది. ఆ మాటను ఎప్పుడైనా విప్పి చూశావా?

తత్, మయ. 'తత్' అంటే అది. మ పక్కన చేరేసరికి త కాస్తా న అయింది. 'మయ' అంటే దానితో అయినది, దానితో నిండినది. మట్టితో అయితే మృణ్మయం, వాక్కుతో అయితే వాఙ్మయం. తన్మయం అంటే 'అదే అయిపోయినది'. మరి ముసలమ్మ దేనితో నిండిపోయింది? దేవుడితోనా, పులిహోర వాసనతోనా, పోయిన కొడుకు జ్ఞాపకంతోనా? ఆ 'అది' ఏమిటో నువ్వు చెప్పలేదు.

ముండకోపనిషత్తులో ఓంకారం విల్లు, ఆత్మ బాణం, బ్రహ్మం గురి. 'శరవత్ తన్మయో భవేత్', బాణంలా గురిలో ఒకటైపోవాలి అంటుంది. దానికి ముందున్న ముక్కను మనవాళ్లు వదిలేస్తుంటారు: 'అప్రమత్తేన వేద్ధవ్యం'. ఏమరుపాటు లేకుండా కొట్టాలట! అంటే అక్కడ మెలకువ పోకూడదు. నీ నేతగాడికి ఇది అచ్చంగా సరిపోతుంది. పక్కింటి గొడవ అతనికి వినపడదు గానీ, పడుగులో ఒక్క పోగు తెగితే చేతిలో నాడె ఆగిపోతుంది. అది రాసి, 'తన్మయత్వంతో' కొట్టెయ్.

సన్నాయి విన్న పిల్ల సంగతి వేరు. చేతిలో టీ చల్లారినా తెలియలేదని నువ్వే రాశావు. దానికి అచ్చతెలుగులో మైమరపు ఉంది. మై అంటే ఒళ్లు.

ఇక పరధ్యానం. దీన్ని చిన్నచూపు చూడకు. ఇందులోనూ ధ్యానం ఉంది, కాకపోతే వేరేదాని మీద. క్లాసులో కిటికీ వైపు చూసే పిల్లాడి మనసు దేనిమీదో గట్టిగానే ఉంటుంది, టెక్స్టుబుక్కు మీద తప్ప. కథలు రాసేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. పరధ్యానంలో ఉన్న మనిషి కనబడితే, మనసు ఎక్కడుందో తెలుసుకోవాలనిపిస్తుంది కదా.

నీ మూడో పేజీలో నేతగాడు అన్నం ముందు ఉలక్కుండా పలక్కుండా కూర్చుంటాడు. అక్కడా తన్మయత్వమేనా? అప్పులవాడు వచ్చి వెళ్లిన రోజు కదయ్యా అది! ముందు ఆ పేరా తిరగరాసి పంపు. ముసలమ్మను ఉంచడం, తీసేయడం నీ ఇష్టం. ఆవిడ లేకపోయినా కథ నడుస్తుందనే నాకనిపిస్తోంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు