డినై, రిఫ్యూజ్, రిజెక్ట్ – మధ్యలో మన ససేమిరా

ప్రశ్న: మా ఎనిమిదో క్లాసు పిల్లలు "హి డినైడ్ టు కమ్" అని రాస్తున్నారు. రిఫ్యూజ్డ్ అనాలర్రా అని దిద్దితే, డిక్షనరీలో రెండిటికీ నిరాకరించు అనే ఉంది కదా టీచర్ అంటున్నారు. రిజెక్ట్‌కి చూస్తే అక్కడా తిరస్కరించు, నిరాకరించు. ఈ మూడింటికీ తెలుగులో వేరే వేరే మాటలు లేవా? పేపర్లో ఒకచోట "ఆరోపణలను తిరస్కరించారు" అని, ఇంకోచోట "ఖండించారు" అని చూశాను, ఏది రైటు? – ఒక ఇంగ్లీషు టీచరు

జవాబు: అమ్మా, పిల్లల్ని ఏమీ అనకండి. కాసేపు ఆ నిరాకరించు, తిరస్కరించు పక్కన పెట్టి ఇంట్లో అమ్మతో ఎలా చెప్తారో అలా చెప్పమనండి. "రానన్నాడు", ఇది రిఫ్యూజ్. "నేను అక్కడికి రాలేదన్నాడు", ఇది డినై. ఇస్తే "వద్దన్నాడు", ఇది రిజెక్ట్. మూడిట్లోనూ ఉన్నది అను ధాతువే, ముందున్న ముక్క మారిందంతే. రాను అన్నది ఇకమీద చెయ్యబోయే పని గురించి, రాలేదు అన్నది జరిగిందా లేదా అని తేల్చాల్సిన సంగతి గురించి, వద్దు అన్నది ఎదురుగా పెట్టిన వస్తువో పెళ్ళిసంబంధమో అప్లికేషనో దాని గురించి. ఐదేళ్ళ పిల్లాడు కూడా ఇందులో పొరబడడు. మరి మాటల్లేవంటారేంటి? ఉన్నాయి, కాకపోతే పెన్ను పట్టుకోగానే మనకి ఇంటి మాటలు నామోషీ అయిపోతాయి, రానన్నాడు అని రాస్తే ఎవరో మార్కులు కోసేస్తారన్నట్టు "వచ్చుటకు నిరాకరించెను" అని రాస్తాం, అక్కడితో మూడూ కలిసి ముద్దైపోతాయి.

అలాగని ఇంగ్లీషువాళ్ళు మాత్రం గీత గీసుకుని కూర్చున్నారా అంటే అదీ లేదు. వీసా సంగతే చూడండి, అమెరికా ఫారంలో అడిగేది "రిఫ్యూజ్డ్" అయ్యారా అని, మాటల్లో డినై చేశారంటారు, మనవాళ్ళు కాన్సులేట్ బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి "రిజెక్ట్ అయిందమ్మా" అంటారు. ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం అనే ఈ అర్థానికి నిరాకరించు బాగానే అతుకుతుంది, ప్రవేశం నిరాకరించారు, టికెట్ నిరాకరించారు, దాన్ని కాదనను. డిక్లైన్ అంటే మర్యాదగా తప్పుకోవడం.

తిరస్కరించు గురించి ఒక ముక్క. తిరస్ అంటే అడ్డంగా, చాటుగా అని. తిరస్కరిణి అంటే తెర. కాళిదాసు నాటకం విక్రమోర్వశీయంలో ఊర్వశి తిరస్కరిణీ విద్యతోనే ఎవరికీ కనపడకుండా నిలబడి రాజు మాటలు వింటుంది. చాటుచెయ్యడం నుంచి మించిపోవడానికి, దాన్నుంచి చిన్నచూపుకి, చివరికి ఎన్నికల అధికారి నామినేషన్ పక్కన పడెయ్యడానికి వచ్చింది. అందుకే ఆ మాటలో ఇప్పటికీ కొంచెం అవమానం వాసన ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, రిఫ్యూజ్ అనే మాట వినపడితే చాలు నాకు ససేమిరా గుర్తొస్తుంది, దాన్ని చెప్పకుండా ఈ ఉత్తరం వదల్లేను. "ఎంత బతిమాలినా ససేమిరా అన్నాడు" అని అందరం అంటాం. ఇది ఏ భాష మాటో అని ధాతువు వెతికితే దొరకదు, ఎందుకంటే అది మాటే కాదు, నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు. సింహాసన ద్వాత్రింశిక కథల్లో ఉంది (తెలుగులో కొరవి గోపరాజు కావ్యంగా రాసింది ఈ కథలనే). నందుడనే రాజుకి భార్య భానుమతి అంటే ప్రాణం, సభలో కూడా పక్కనే ఉండాలని ఆమె బొమ్మ గీయించాడు. గురువు శారదానందుడు బొమ్మ చూసి, అంతా బాగుంది గానీ ఒక పుట్టుమచ్చ తప్పిపోయిందన్నాడు. ఆ మచ్చ ఈయనకెలా తెలుసని రాజుకి అనుమానం, చంపెయ్యమన్నాడు, మంత్రి చంపకుండా తన ఇంట్లో దాచాడు.

తర్వాత రాజకొడుకు వేటకెళ్ళి పులికి భయపడి చెట్టెక్కాడు. చెట్టు మీద ఎలుగుబంటి ఉంది, భయపడకు, నా ఒళ్ళో పడుకో అంది. వాడు నిద్రపోయాక కింద పులి, వాణ్ణి తోసెయ్ నాకు ఆకలి అంది. నమ్మి వచ్చినవాణ్ణి తొయ్యనంది ఎలుగు. తర్వాత ఎలుగు పడుకుంది, పులి ఈసారి రాజకొడుకుని అడిగింది, ఆ మహానుభావుడు తోసేశాడు! ఎలుగు కొమ్మ పట్టుకుని బతికిపోయి శాపం పెట్టింది. అప్పట్నుంచి వాడు పిచ్చివాడై అన్నం పెట్టినా ససేమిరా, పేరడిగినా ససేమిరా. ఎవరి వైద్యం పనిచెయ్యలేదు, చివరికి మంత్రి, మా అమ్మాయి బాగుచేస్తుంది, తెర వెనక కూర్చుని మాట్లాడుతుందని శారదానందుణ్ణి కూర్చోబెట్టాడు. ఆయన "సద్భావప్రతిపన్నానాం వంచనే కా విదగ్ధతా", మంచి మనసుతో నమ్మినవాళ్ళని మోసం చెయ్యడం ఏం తెలివి అని మొదలుపెట్టాడు, శ్లోకం అయ్యేసరికి స పోయి సేమిరా మిగిలింది. "సేతుం గత్వా సముద్రస్య" అనగానే మిరా. "మిత్రద్రోహీ కృతఘ్నశ్చ" అనగానే రా. నాలుగోది "రాజంస్త్వం రాజపుత్రస్య", దాంతో అది కూడా పోయి మనిషి మామూలయ్యాడు. ఇంట్లో కూర్చున్న పిల్లవి, అడవిలో సంగతి నీకెలా తెలిసిందని రాజు అడిగితే, భానుమతి పుట్టుమచ్చ తెలిసినట్టే, సరస్వతి దయ అని తెర వెనక నుంచి జవాబు. ఈ కథ ఒక్కో ప్రతిలో వివరాలు అటూ ఇటూ మారతాయి, అక్షరాలు మాత్రం అవే.

ఇందులో నాకు నచ్చేదేంటంటే, కథ మొత్తం మీద గట్టిగా కుదరదన్నది ఎలుగుబంటి ఒక్కటే. రాజకొడుకు పులి అడగ్గానే ఒప్పుకున్నవాడు, కాదనాల్సిన చోట కాదనలేనివాడు. వాడి నోట్లో మాట తీసుకెళ్ళి మనం ఒప్పుకోకపోవడానికి పెట్టుకున్నాం! ఏం అడిగినా అదొక్కటే అంటాడు కాబట్టి మొండితనానికి గుర్తైంది, మెల్లగా మొండిగా కాదనడం అయింది అని నా ఊహ. మరాఠీవాళ్ళు ఇదే మాటని వదలకుండా వెంటపడి వేధించడానికి వాడతారు, బెంగాలీలో ఏం తోచక బిక్కచచ్చిపోయే స్థితికి. ఒకే పిచ్చివాణ్ణి చూసి ముగ్గురికి మూడు తోచాయి. కథకి దగ్గరగా ఉన్నది బెంగాలీయే, మనం చాలా దూరం వచ్చేశాం, అయినా ససేమిరాలో ఉన్న పట్టు "ఖచ్చితంగా నిరాకరించాడు"లో ఎక్కడుంది? ఈ మధ్య కుర్రాళ్ళు "స్ట్రిక్ట్‌గా నో చెప్పేశాడు" అంటున్నారు, చేతిలో ససేమిరా పెట్టుకుని నో ఎందుకు నాయనా!

ఇక ఖండించు. ఖండం అంటే ముక్క, ఎదుటివాడి వాదాన్ని ముక్కలు చేసి చూపిస్తే ఖండన. శ్రీహర్షుడు నైషధం ఒక్కటే రాయలేదు, ఖండనఖండఖాద్యం అని పుస్తకం పుస్తకమంతా ప్రతివాదులు ఇచ్చిన నిర్వచనాల్ని ఒక్కొక్కటీ పట్టుకుని విరిచాడు, అది ఖండించడం. ఇంగ్లీషులో రిఫ్యూట్ అదే. ఇప్పుడు నాయకుడు మైకు ముందుకొచ్చి "అదంతా అబద్ధం" అని రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడు, పొద్దున్నే పేపర్లో "ఆరోపణలను ఖండించిన నేత". ఏం ఖండించాడండీ, ఒక్క ఆధారమైనా చూపించాడా? పైగా ఉగ్రదాడిని ఖండించారు అన్నా అదే మాట, అక్కడ అర్థం తప్పుపట్టడం. అంటే రుజువు చేసినా, ఊరికే కాదన్నా, మండిపడినా అన్నిటికీ ఒకటే. ఇంగ్లీషువాళ్ళు కూడా రిఫ్యూట్‌ని డినై అర్థంలో వాడేస్తున్నారని వాళ్ళ పండితులు మొత్తుకుంటూనే ఉన్నారు, కాబట్టి ఈ రోగం మనదొక్కరిదే అనుకోకండి.

మీ పేపరు సంగతి అడిగారు. ఆరోపణ మనకెవరూ పళ్ళెంలో పెట్టి ఇచ్చేది కాదు కాబట్టి "తిరస్కరించారు" నా చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది, అయినా తప్పు అని ముద్ర వెయ్యను, తోసిపుచ్చారు అనేది ఎలాగూ చెల్లిపోతోంది, దాని పక్కన ఇదీ బతుకుతుంది. ఖండించారు అనేది ఆధారాలు చూపించినప్పుడు వాడితే బాగుండేది, ఇప్పుడు వెనక్కి లాగడం నావల్ల అవుతుందనుకోను. నన్ను రాయమంటే "ఆ ఆరోపణలు నిజం కాదన్నారు" అని రాస్తాను. నిజం తెలిసీ కాదంటే బుకాయించారు అని ఇంకో మంచి మాట ఉంది, దాన్ని పేపర్లో అచ్చువేసే ధైర్యం ఎవరికుంటుంది లెండి.

పిల్లల విషయంలో మాత్రం "డినైడ్ టు కమ్" దగ్గర ఎర్రసిరా వాడండి. "డినైడ్ కమింగ్" అంటే వచ్చి కూడా రాలేదన్నాడని, "రిఫ్యూజ్డ్ టు కమ్" అంటే అసలు రానన్నాడని, ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి కింద తెలుగు వాళ్ళచేతే రాయించండి.